ఉప్పుటేటికి వేసిన తలుపు

తెలుగులో “ఆటుపోట్లు” అన్న మాట ఎక్కడికి వెళ్ళి చేరిందో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. జీవితంలోని ఒడుదుడుకులు, వ్యాపారంలోని లాభనష్టాలు, రాజకీయాలలోని తలకిందులు, ఇలా ముందుగా చెప్పడానికి వీలులేని ప్రతిదానికీ మనం ఆ మాటనే వాడుతున్నాము. సముద్రం దగ్గరి అసలు ఆటుపోట్ల స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాన రాకపోవచ్చును, గాలి వీచకపోవచ్చును, ఎండను మబ్బు కమ్మవచ్చును. పోటు మాత్రం రాక మానదు. వచ్చే ఏడాది ఫలానా తిథినాడు ఫలానా రేవులో నీరు ఎన్ని గంటలకు ఎంత ఎత్తు లేస్తుందో ఈనాడే అచ్చువేసి అమ్ముతారు.

ఒక పోటుకూ మరు పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు వచ్చిన వేళకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. మన పాత లెక్కలో చెప్పాలంటే తిథికి రెండు ఘడియలు. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసివచ్చి పోటు పెద్దదవుతుంది. అష్టమి ప్రాంతంలో ఒకదానికొకటి అడ్డుపడి చిన్నదవుతుంది. పడవ మీద బతికే మనిషికి గడియారం లేకున్నా తిథి తెలిస్తే చాలును.

ఇంత నమ్మకమైన శక్తి రోజుకు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి పోతూ ఉంటే, దాని నుంచి విద్యుత్తు తీసే పెద్ద కేంద్రాలు ప్రపంచం మొత్తం మీద రెండే ఉన్నాయి. మొదటిది 1966లో వచ్చింది. దానిని మించినది రావడానికి 45 ఏళ్ళు పట్టింది. ఎందుకిలా జరిగిందని అడిగితే, ఖర్చెక్కువ అంటారు. ఆ మాట నిజమే. అయితే ఈ చరిత్ర చదివినకొద్దీ ఆ సమాధానం సగమేనని నాకు తోచింది. మిగిలిన సగం నీటికి అడ్డంగా వేసిన ఒక తలుపుకు సంబంధించినది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ తలుపు కథ.

*

పోటును పనిలో పెట్టుకోవడం విద్యుత్తుకంటే చాలా పాతది. ఉత్తర ఐర్లండులో స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్ అని ఒక పెద్ద ఉప్పునీటి కయ్య ఉన్నది. అందులోని ఒక దీవిలో నెండ్రమ్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. అక్కడ తవ్వకాలలో ఒక పిండిమర శిథిలాలు బయటపడ్డాయి. దానికి వాడిన కలపలోని వలయాలను లెక్కించి, ఆ చెట్లను నరికినది క్రీ.శ. 619 ప్రాంతమని తేల్చారు. అంటే మన దేశంలో హర్షుడు, పులకేశి ఏలుతున్న రోజులలో ఆ సన్యాసులు చంద్రుని చేత పిండి విసిరించుకుంటున్నారన్నమాట.

ఏర్పాటు చాలా తేలిక. తీరంలో ఒక చిన్న పాయకు గట్టు వేస్తారు. గట్టులో ఒక తలుపు. పోటు వచ్చినప్పుడు నీటి ఒత్తిడికి తలుపు లోపలికి తెరుచుకుని మడుగు నిండుతుంది. నీరు తీయడం మొదలుకాగానే లోపలి నీరే తలుపును నెట్టి మూసివేస్తుంది. బయట సముద్రం తగినంత దిగిపోయే దాకా వేచి ఉండి, అప్పుడు మడుగు నీటిని సన్నని కాలువగుండా చక్రం మీదికి వదిలితే తిరగలి తిరుగుతుంది. ఇంగ్లండులోని వుడ్‌బ్రిడ్జ్‌లో 1170 నాటికే ఇటువంటి మర ఉన్నట్లు దాఖలా ఉన్నది. ఆ చోట తరువాతి కాలంలో కట్టిన మరను నేటికీ సందర్శకుల కోసం తిప్పి చూపిస్తున్నారు.

ఈ మరలలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, మర ఆడించేవాని జీవితం. అతని పనివేళను సూర్యుడు నిర్ణయించడు. ఈరోజు ఉదయం ఆరింటికి మొదలైతే రేపు ఏడింటికి దగ్గర. వారం తిరిగేసరికి నడిమధ్యాహ్నం, నడిరేయి. పోటు కచ్చితమైనదే, కాని అది మన గడియారానికి కట్టుబడదు. రెండవది, ఆ మడుగులు చిన్నవి. ఒక పాయను మూసినా పక్కనే ఏరు యథాప్రకారం ఊపిరి తీస్తూనే ఉండేది. ఈ రెండు సంగతులూ ఇరవయ్యవ శతాబ్దంలో పెద్దవై తిరిగివచ్చాయి.

ఫ్రాన్సు దేశపు వాయవ్య మూల బ్రిటనీ అనే ప్రాంతం. అక్కడ రాన్స్ అని ఒక చిన్న నది. మొత్తం పొడవు వంద కిలోమీటర్ల చిల్లర. నది అనడం మర్యాదకే. దాని చివరి ఇరవై కిలోమీటర్లు మన కోస్తా వాళ్ళు “ఉప్పుటేరు” అనే కోవకు చెందినవి. సేన్ మాలో, దినార్ అనే రెండు ఊళ్ళ నడుమ అది సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టంలో తేడా సగటున 8 మీటర్లు. పెద్ద పోట్లనాడు 13 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. ఈ ఏటి గట్లమీద మధ్యయుగాల నుంచీ పోటు మరలు వరుసగా ఉండేవి.

*

విద్యుత్తు వచ్చిన తరువాత ఈ పాత ఊహకు కొత్త రెక్కలు వచ్చాయి. బ్రిటనీలోనే అబేర్ వ్రాక్ అనే చోట 1925లో పోటు విద్యుత్కేంద్రం పని మొదలుపెట్టి, డబ్బు చాలక 1930లో వదిలివేశారు. అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, అమెరికా కెనడాల సరిహద్దులోని పాసమకోడి అఖాతానికి ఆనకట్టలు వేయాలని డెక్స్టర్ కూపర్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆ పక్కనే ఉన్న కాంపొబెల్లో దీవిలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు కుటుంబానికి వేసవి విడిది ఉండేది. ఆయన అధ్యక్షుడైన తరువాత 1935లో, ఆర్థిక మాంద్యంలో పని కల్పించే నిధులతో ఆ పథకం మొదలైంది. సుమారు 70 లక్షల డాలర్లు ఖర్చయిన తరువాత 1936లో కాంగ్రెసు డబ్బు ఇవ్వనన్నది. కట్టినంతమేరా మిగిలిపోయింది.

రాన్స్ విషయంలో మాత్రం ఊహ పట్టువిడువలేదు. 1921 నుంచీ అక్కడ విద్యుత్కేంద్రం మాట ఉన్నది. 1943లో, దేశం జర్మను ఆక్రమణలో ఉండగానే, పోటు శక్తిని అధ్యయనం చేయడానికి ఒక సంఘం ఏర్పడింది. యుద్ధానంతరం 1946లో విద్యుత్ పరిశ్రమను జాతీయం చేసి ఇ.డి.ఎఫ్. అనే ప్రభుత్వ సంస్థను నెలకొల్పారు. పథకం దాని చేతికి వచ్చింది. సిద్ధాంత భాగానికి రాబర్ జిబ్రా అనే ఇంజనీరు ప్రధాన పురుషుడు. పోటు కేంద్రం నీటిని ఎప్పుడు నింపాలి, ఎప్పుడు పట్టి ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్న లెక్కను ఆయన ఒక శాస్త్రంగా తీర్చిదిద్దాడు.

ఇక్కడ ఆ లెక్కను కొంచెం వివరించడం అవసరం. మడుగులో దాగిన శక్తి నీటిమట్టం తేడాకు వర్గం చొప్పున పెరుగుతుంది. తేడా సగమైతే శక్తి నాలుగో వంతే. అందుకనే ప్రపంచంలో సముద్రతీరం ఎంత ఉన్నా, ఈ పనికి పనికివచ్చే మొగలు కొన్నే. మన విశాఖపట్నం దగ్గర పెద్ద పోట్లనాడు సైతం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. రాన్స్ సగటుతో పోల్చి, అంతే విస్తీర్ణం గల మడుగును విశాఖలో కడితే దొరికే శక్తి ఇరవై ఎనిమిదో వంతు. కాబట్టి ఈ కథలో ఆంధ్రతీరానికి నాయకపాత్ర లేదు. అయినా ఈ కథతో మనకు పని ఉన్నదని చివరలో చెబుతాను.

రెండో చిక్కు పిండిమర వాని చిక్కే. పోటు కేంద్రం చంద్రుని వేళకు విద్యుత్తు ఇస్తుంది. జనం సూర్యుని వేళకు దీపాలు వేసుకుంటారు. రాన్స్ ఇంజనీర్లు దీనికి కొంత చక్కని పరిష్కారం కనిపెట్టారు. వారి టర్బైను గొట్టంలో అమర్చిన పెద్ద బుడ్డిలా ఉంటుంది. జనరేటరు ఆ బుడ్డి కడుపులోనే నీటిలో మునిగి ఉంటుంది. అది నీరు లోపలికి వచ్చేటప్పుడూ తిరుగుతుంది, బయటికి పోయేటప్పుడూ తిరుగుతుంది. అంతేకాక విద్యుత్తు ఇచ్చి వెనక్కు తిప్పితే అదే పంపుగానూ పనిచేస్తుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు బయటి మట్టమూ లోపలి మట్టమూ ఇంచుమించు ఒకటే గనుక, ఇంకొక మీటరు నీరు లోపలికి తోడడానికి ఖర్చయ్యే శక్తి స్వల్పం. కొన్ని గంటల తరువాత సముద్రం ఎన్నో మీటర్లు దిగిపోయినప్పుడు ఆ తోడిన నీరే అంత ఎత్తు నుంచి పడుతుంది. పెట్టినదానికంటే ఎక్కువ తిరిగి వస్తుంది. వినడానికి గారడీలా ఉన్నా ఇందులో మోసమేమీ లేదు. సముద్రం తానుగా దిగిపోవడంలో ఉన్న లాభం అది.

*

పని 1961లో మొదలైంది. కట్టవలసిన చోట రాన్స్ వెడల్పు 750 మీటర్లు. పెద్ద పోట్ల వేళ ఆ సందులోంచి సెకనుకు 18 వేల ఘనపు మీటర్ల నీరు రాకపోకలు సాగించేది. మనకు అలవాటైన కొలతలో ఇది ఆరు లక్షల క్యూసెక్కులకు పైమాటే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేసేది 10 లక్షల క్యూసెక్కులకు. పేరుకే నది అయిన ఒక ఏటిలో, వరద గోదావరిలో సగానికి మించిన ప్రవాహం రోజుకు నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటూ పారుతుంటే, దాని నడుమ కాంక్రీటు పోయడం ఎలా?

ఆల్బేర్ కాకో అనే వృద్ధ ఇంజనీరు దీనికి ఉపాయం చెప్పాడు. పెద్ద పెద్ద గుండ్రని కాంక్రీటు బావులను ఏటి అడుగుకు దింపి, ఇసుకతో నింపి, వాటి నడుమ సందులు పూడ్చుకుంటూ తాత్కాలికపు గోడ కట్టడం. అలా ఏటికి అడ్డంగా సముద్రం వైపు ఒకటి, భూమి వైపు ఒకటి గోడలు లేచాయి. వాటి నడుమ నీరు తోడివేసి, ఏటి అడుగు ఆరబెట్టి, ఆ పొడినేల మీద విద్యుత్కేంద్రం కట్టారు. 1963 జులై 20 నాటికి రాన్స్ పూర్తిగా మూతపడింది.

1966 నవంబరు 26న అధ్యక్షుడు ద గాల్ కేంద్రాన్ని ప్రారంభించాడు. 10 మెగావాట్ల టర్బైన్లు 24. మొత్తం 240 మెగావాట్లు. వెనుక మడుగు 22 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క పడవలు దాటడానికి లాకు. 1967లో ఆనకట్ట మీదుగా రోడ్డు తెరిచారు. అంతవరకూ ఏరు చుట్టి పోవలసిన రెండు ఊళ్ళవాళ్ళు ఎదురుబొదురు అయ్యారు. ఖర్చు 62 కోట్ల ఫ్రాంకులు. ఆ పెట్టుబడి తిరిగిరావడానికి ఇంచుమించు 20 ఏళ్ళు పట్టింది. ఆ తరువాత ఇంధనానికి పైసా ఖర్చు లేకుండా, ఏటా సుమారు 50 కోట్ల యూనిట్లు ఇస్తూ వచ్చింది. ఏడాది పొడవునా సగటు తీస్తే ఇది 57 మెగావాట్లు, అంటే పేరులో ఉన్న 240లో నాలుగో వంతుకంటే తక్కువ. పోటు కేంద్రం రోజంతా పనిచేయలేదు గనుక ఈ తేడా తప్పదు. అయినా ఉప్పునీటిలో మునిగి ఇన్ని దశాబ్దాలు తిరిగిన యంత్రాలను చూస్తే, కట్టినవాళ్ళకు నమస్కరించక తప్పదు.

ఇంజనీర్ల చరిత్రలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. నాకు ఆసక్తి కలిగినది మాత్రం 1963కూ 1966కూ నడుమ గోడ వెనుక జరిగినది.

ఆ మూడేళ్ళూ రాన్స్‌లోకి పోటు రాలేదు. రోజుకు రెండుసార్లు ఎనిమిది మీటర్లు లేచి దిగే నీరు కదలక నిలిచిపోయింది. పైనుంచి వచ్చే మంచినీరు చేరి ఉప్పు విరిగిపోయింది. బురద అడుగుకు దిగింది. ఉప్పునీటికి, ప్రవాహానికి, తడి ఆరే వేళలకు అలవాటుపడిన చేపలు, గవ్వలు, పీతలు, పురుగులు, నాచులు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. తలుపులు మళ్ళీ తెరిచాక సముద్రం నుంచి ప్రాణులు ఒక్కటొక్కటిగా వచ్చి చేరాయి. కొత్త సమతౌల్యం కుదరడానికి పదేళ్ళు పట్టిందని జీవశాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వచ్చినవి పూర్వం ఉన్నవే కావు. ఇసుకలో దాగే సన్నని ఈల్ చేపలు, ప్లేస్ అనే బల్లపరుపు చేపలు తిరిగి రాలేదు. సీబాస్ చేపలు, సముద్రఫేనం ఇచ్చే కటిల్‌ఫిష్ వచ్చి స్థిరపడ్డాయి. ఎగువన ఒండ్రు పేరుకోవడం నేటికీ తీరని తగాదా. దానిని ఎవరు తీయాలి, ఎక్కడ పోయాలి అని ఆ ఒడ్లవాళ్ళు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

రాన్స్‌ను మెచ్చుకునేవారు “చూడండి, ఏరు మళ్ళీ బ్రతికింది” అంటారు. తిట్టేవారు “చూడండి, ఏరును చంపారు” అంటారు. రెండూ నిజాలే. కాని ఈ రెండు వాదాలలోనూ మరుగునపడే సంగతి ఒకటి ఉన్నది. ఏరు చచ్చినది టర్బైన్ల వలన కాదు. టర్బైన్లు అప్పటికి ఇంకా తిరగనేలేదు. చచ్చినది మూసిన మూడేళ్ళలో. తేరుకోవడం మొదలైనది మళ్ళీ నీరు ఆడిన నాటి నుంచి. పోటు మోసుకువచ్చేది శక్తిని మాత్రమే కాదు. ఉప్పును, ప్రాణవాయువును, విత్తును, పిల్లచేపలను తెస్తుంది; మురికిని, బురదను తీసుకుపోతుంది. అది ఏటికి ఊపిరి. పిండిమర కట్టినవాడు ఊపిరితిత్తుల్లో ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. రాన్స్ కట్టినవారు మూడేళ్ళు ముక్కు మూశారు.

*

రాన్స్ తరువాత ఫ్రాన్సు మరొకటి కట్టలేదు. పొరుగునే ఉన్న మోన్ సేన్ మిషెల్ అఖాతం మొత్తానికి గోడ వేయాలని కాకో మహా పథకం ఒకటి గీశాడు, కాగితం దాటలేదు. 1974లో చమురు ధరల దెబ్బ తరువాత దేశం మొత్తంగా అణువిద్యుత్తు వైపు మొగ్గింది. సోవియట్ రష్యా 1968లో కిస్లాయా గూబా అనే చోట ఒక ప్రయోగ కేంద్రం పెట్టింది. వాళ్ళు ఏటిని మూయలేదు. కేంద్రాన్ని ఒక పెట్టెలాగా వేరేచోట కట్టి, సముద్రం మీద లాక్కువచ్చి, మొగలో ముంచి కూర్చోబెట్టారు. రాన్స్‌లో జరిగిన నష్టాన్ని తప్పించే దారి అప్పటికే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. అయితే ఆ కేంద్రం అర మెగావాటు కూడా లేని పిల్లది. ఇంగ్లండులో సెవర్న్ మొగకు గోడ కట్టాలన్న మాట 1849 నుంచి ఉన్నది. ఎన్నో సంఘాలు కూర్చున్నాయి, నివేదికలు వచ్చాయి, 2010లో ప్రభుత్వం మరోసారి వద్దన్నది. కెనడాలోని అన్నాపోలిస్ రాయల్‌లో 1984లో వచ్చిన 20 మెగావాట్ల కేంద్రం చేపల చావు మీద వచ్చిన అభ్యంతరాల నడుమ, యంత్రం చెడి, 2019లో ఆగిపోయింది.

చివరకు రాన్స్‌ను మించిన కేంద్రం ఎక్కడ వచ్చింది? దక్షిణ కొరియాలో, సిహ్వా అనే చోట. ఆ కథ రాన్స్ కథకు సరిగ్గా తిరగబెట్టిన బొమ్మ.

సిహ్వాలో గోడ ముందు వచ్చింది, విద్యుత్తు ఆలోచన తరువాత వచ్చింది. 1994లో సముద్రపు పాయకు అడ్డంగా 12 కిలోమీటర్లకు పైబడిన గోడ కట్టారు. ఉద్దేశం పోటును వాడుకోవడం కాదు, ఆపడం. లోపల ఉప్పునీరు పోయి మంచినీరు చేరితే సాగుకు పెట్టుకోవచ్చునని, చుట్టూ కొత్త నేల దొరుకుతుందని ఆశ. చేరినది మంచినీరు కాదు. ఒడ్డునున్న పరిశ్రమల వ్యర్థాలు, ఊళ్ళ మురుగు దిగి, బయటికి పోయే దారిలేక, కొద్ది ఏళ్ళలోనే ఆ సరస్సు కొరియాలో కాలుష్యానికి మారుపేరైంది. 2000 సంవత్సరంలో ప్రభుత్వం మంచినీటి పథకాన్ని విరమించుకుని, సముద్రాన్ని మళ్ళీ లోపలికి రానివ్వక తప్పదని ఒప్పుకున్నది. ఎలాగూ నీరు రాకపోకలు సాగించాలి గనుక ఆ దారిలో టర్బైన్లు పెట్టవచ్చుననుకున్నారు. 2011లో 254 మెగావాట్ల కేంద్రం మొదలైంది. పోటు లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే విద్యుత్తు తీస్తారు; ఆటు వేళ తలుపులు తెరిచి నీటిని ఊరికే వదిలివేస్తారు. నీటి నాణ్యత మెరుగుపడింది.

రాన్స్‌లో విద్యుత్తు కోసం తలుపు వేశారు. సిహ్వాలో విద్యుత్తు పేరు మీద తలుపు తీశారు. యంత్రం రెండుచోట్లా దాదాపు ఒకటే. నష్టమూ లాభమూ తలుపును బట్టి వచ్చాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవరకూ పోటు విద్యుత్తు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న సరైనదేనని నేనూ అనుకున్నాను. అడగవలసినది వేరే ఉన్నది: కట్టకముందు అక్కడ నీరు ఎంత ఆడేది, కట్టాక ఎంత ఆడుతుంది? కొరియా ప్రభుత్వమే 2014లో గరోరిమ్ అనే మరొక అఖాతంలో పోటు కేంద్రానికి పర్యావరణ అనుమతి ఇవ్వలేదు. అక్కడ పాత గోడ లేదు. బురదనేలలు, వాటి మీద బతికే ప్రాణులు, జాలరులు నిక్షేపంగా ఉన్నారు. ఒకే దేశం ఒకచోట ఔనని, ఒకచోట కాదని అనడంలో వైరుధ్యం లేదని నా అభిప్రాయం.

*

ఇక మన సంగతి. భారతదేశంలో పోటు శక్తికి తగిన చోట్లు మూడని చాలాకాలంగా చెబుతున్నారు. గుజరాతులో ఖంభాత్ సింధుశాఖలో 7,000 మెగావాట్లు, కచ్ సింధుశాఖలో 1,200, బెంగాలు సుందరవనాలలో వందలోపు అని కేంద్ర ప్రభుత్వ అంచనా. సుందరవనాలలోని దుర్గాదువాని పాయ మీద 3.75 మెగావాట్ల పథకాన్ని తలపెట్టి, ఖర్చు భరించలేమని వదిలివేశారు. కచ్‌లో 50 మెగావాట్లని 2011లో ప్రకటన వచ్చింది, కేంద్రం రాలేదు. దేశంలో ఇప్పటివరకు పోటు విద్యుత్కేంద్రం ఒక్కటీ లేదు.

ఖంభాత్‌లో మాత్రం కల్పసర్ అన్న పేరుతో ఒక మహా పథకం దశాబ్దాలుగా పరిశీలనలో ఉన్నది. సింధుశాఖకు అడ్డంగా సుమారు 30 కిలోమీటర్ల గోడ కట్టి, నర్మద, మహి, సాబర్మతి వంటి నదుల నీటిని సముద్రంలో కలవకుండా పట్టి, మంచినీటి జలాశయం చేయాలని దాని సారాంశం. తొలి ఊహలలో పోటు విద్యుత్తు కూడా ముఖ్యాంశమే. పోనుపోను మంచినీటికే ప్రాధాన్యం పెరిగింది. సౌరాష్ట్ర కరువు తెలిసినవారెవరూ ఆ ఆశను తేలికగా తీసివేయలేరు. కాని సిహ్వా గోడ కూడా మంచినీటి ఆశతోనే లేచింది. పోటును వాడుకునే గోడకంటే పోటును వద్దనే గోడ ప్రమాదకరమని ఆ సరస్సు చెప్పిన పాఠం. పరిశ్రమలు కిక్కిరిసిన ఆ తీరంలో దానిని ఒకసారి చదువుకుని కట్టడం మంచిది.

ఆంధ్రతీరానికి ఈ కథతో పని ఉన్నదని పైన అన్నాను. మనకు విద్యుత్తు ఇచ్చేంత పోటు లేదు. కాని పోటుతో బతికే ఏళ్ళున్నాయి. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు మీద రెగ్యులేటరు కట్టి, ఉప్పునీరు ఎగదన్నకుండా ఆపాలన్న చర్చ ఎన్నో ఏళ్ళుగా సాగుతున్నది. పొలాలు, చెరువులు ఉప్పుబారుతున్న రైతు గోడు నిజమైనది. మొగ దగ్గర చేప రాకడ మీద బతికే జాలరి గోడూ నిజమైనదే. ఆ తలుపు వేయాలా వద్దా అని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పే పని నాది కాదు. వేస్తే అది ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచి ఉంటుంది, తెరిచే అధికారం ఎవరిది, ఎవరి పంచాంగం ప్రకారం తెరుస్తారు అన్న ప్రశ్నలు మాత్రం గోడకు ముందే అడగాలి. రాన్స్‌లో ఆ ప్రశ్నలు గోడ లేచాక వచ్చాయి.

తలుపే లేకుండా పోటును వాడుకునే ప్రయత్నమూ జరుగుతున్నది. ప్రవాహంలో గాలిమర వంటి చక్రాన్ని ముంచి నిలబెట్టడం ఆ పద్ధతి. స్కాట్లండు ఉత్తరాన మేజెన్ అనే చోట అటువంటి టర్బైన్లు నాలుగింటిని సముద్రపు అడుగున నిలిపారు; మొత్తం 6 మెగావాట్లు. అంతకుముందు 2008లో ఇటువంటిదే 1.2 మెగావాట్ల యంత్రాన్ని స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్ మొగలో నిలబెట్టారు. నెండ్రమ్ సన్యాసులు పిండి విసురుకున్నది ఆ కయ్యలోనే అని చదువరులకు గుర్తుండే ఉంటుంది. యంత్రం తన ప్రయోగకాలం ముగించుకున్నాక, 2019 నాటికి దానిని పూర్తిగా తీసివేశారు. అది లోపల ఉన్నన్నాళ్ళూ ఆ మొగలో పోటు రాకపోకలకు అడ్డులేదు, తీసివేశాక కూడా లేదు. రాన్స్ ముందు నిలిస్తే ఆ 1.2 మెగావాట్లు ఏ మూలకూ రావు. కాని దిగి, పనిచేసి, ఏటిని ఏటికి వదిలి బయటికి రాగలిగిన యంత్రం అది. ఈ పద్ధతి పెద్దదై నిలిచే రోజు వస్తే, సుమారు పద్నాలుగు వందల సంవత్సరాల క్రితం ఆ దీవిలో గట్టు వేసినవారి మితం మళ్ళీ మన చేతికి వచ్చినట్లు.